ఎస్టీమ్‌కి కొత్త ఇంటేక్ మానిఫోల్డ్ వేస్తే సెన్సార్లు ఎక్కడ పెట్టాలి?

ఖమ్మం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నా దగ్గర 2005 మోడల్ మారుతి ఎస్టీమ్ ఉంది, జీ13బీబీ ఇంజిన్. ఒరిజినల్ ఇంటేక్ మానిఫోల్డ్ తీసేసి, పెద్ద ప్లీనం, పొట్టి రన్నర్లతో అల్యూమినియంలో కొత్తది చేయించాలనుకుంటున్నాను. మ్యాప్ సెన్సార్, గాలి టెంపరేచర్ సెన్సార్, కూలెంట్ సెన్సార్ మూడూ చోటు మారాల్సి వస్తోంది. వైర్లు పొడిగిస్తే సరిపోతుందా? చెక్ ఇంజిన్ లైటు వస్తుందా?"

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: ఇంటేక్ మానిఫోల్డ్ అంటే ఇంజిన్‌కి గాలి పంచే పైపుల సెట్టు. అందులో గాలి చేరే డబ్బా ప్లీనం, అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కి వెళ్లే పైపు రన్నర్. మ్యాప్ సెన్సార్ ఆ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలుస్తుంది. ఇక ప్రశ్నకి వస్తే, వైర్లు సరిగ్గా పొడిగిస్తే లైటు రాదు. నా భయం కూడా అక్కడే. లైటు రాకుండానే ఇంజిన్ పాడయ్యే అవకాశం ఉంది. వైరు ఇంకో అరమీటరు పెరిగినా ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, పట్టదు. సెన్సార్ ముక్కు ఏ గాలిలో ఉంది, ఏ నీళ్లలో ఉంది అన్నదే దానికి లెక్క. సెన్సార్ ఏం చెబితే దాన్నే నమ్మి పెట్రోలు పోస్తుంది, టైమింగ్ ఇస్తుంది. చోటు తప్పితే సెన్సార్ చెడిపోదు, వైరు తెగదు, కోడ్ పడదు. తప్పు లెక్కతో కారు తిరుగుతూనే ఉంటుంది.

సూటిగా చెప్పాలంటే: మ్యాప్ సెన్సార్‌కి గాలి ప్లీనం మధ్య నుంచి తీసుకోండి, ఏ ఒక్క రన్నర్ నుంచీ వద్దు. గాలి టెంపరేచర్ సెన్సార్‌ని థ్రాటిల్‌కి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) ముందు, ప్లాస్టిక్ లేదా రబ్బరు పైపులో పెట్టండి. కూలెంట్ సెన్సార్ థర్మోస్టాట్‌కి (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) ఇంజిన్ వైపున, నీళ్లు ఎప్పుడూ కదిలే చోట ఉండాలి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్), క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) సెన్సార్ల జోలికి అసలు పోవద్దు. నాక్ సెన్సార్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలే నాకింగ్‌ని పసిగట్టేది) ఉన్న కార్లలో దాన్ని కూడా బ్లాక్ మీద కంపెనీ పెట్టిన బోల్టు దగ్గరే వదిలేయండి.

ఇక పొట్టి రన్నర్ల గురించి ఒక్క మాట. నేను విజయవాడ ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా పెట్రోలు ఇంజిన్ల పనే చేస్తున్నాను. కంపెనీ ఇచ్చిన స్టాక్ క్యామ్ ఉన్న రోడ్డు కారుకి పొట్టి రన్నర్లు వేయించుకున్నవాళ్లలో ఎక్కువ మంది కొన్నాళ్లకే వెనక్కి వచ్చి "కింద పికప్ పోయింది అన్నా" అన్నారు. కారణం చెబుతాను.

ఇంటేక్ వాల్వు మూసుకున్నప్పుడు రన్నర్‌లో పరుగెత్తుతున్న గాలి గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది. అక్కడ పుట్టిన ఒత్తిడి అల ధ్వని వేగంతో ప్లీనం దాకా వెళ్లి తిరిగి వస్తుంది. ఆ అల సరిగ్గా వాల్వు తెరిచి ఉన్న సమయానికి వస్తే సిలిండర్‌లోకి ఇంకాస్త గాలి తోస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది, ఆ మిల్లీసెకనులో అల సుమారు 35 సెంటీమీటర్లు పోతుంది. 3,000 దగ్గర అదే సమయంలో క్రాంకు తిరిగేది 18 డిగ్రీలే. అందుకే కింది ఆర్‌పీఎంలో అల సమయానికి అందాలంటే పైపు పొడుగుండాలి. పొట్టి చేస్తే ఆ లాభం పైకి, ఆరు ఏడు వేల వైపుకి జరుగుతుంది. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లేటప్పుడు మీరు ఆరువేల దగ్గర ఎంతసేపు ఉంటారు? రెండు, మూడు వేల దగ్గరే కదా ఓవర్‌టేక్ చేసేది. 1298 సీసీ ఇంజిన్‌కి కింద ఉన్న ఆ కాస్త బలమే ప్రాణం.

ట్రాక్ కోసమో, ర్యాలీ కోసమో, క్యామ్ కూడా మారుస్తూ చేస్తున్నట్లయితే వేరే సంగతి, తప్పకుండా చేయించండి. రోడ్డు కారే అయితే రన్నర్ పొడవు దాదాపు ఒరిజినల్ అంతే ఉంచి, రన్నర్ మొదలయ్యే చోట గంట మూతిలా గుండ్రంగా చేయించండి. ప్లీనం ఇంజిన్ సీసీకి సమానం నుంచి ఒకటిన్నర రెట్ల వరకు ఉంచండి. మీ కారుకి అది 1.3 నుంచి 2 లీటర్లు. నేను రోడ్డు కార్లకి అంతకు మించి పోను. ప్లీనం మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక ఇంజిన్ కాస్త ఆలస్యంగా అందుకుంటుంది.

మ్యాప్ సెన్సార్

మీ కారులో గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి, గాలి వేడి, ఆర్‌పీఎం ఈ మూడూ చూసి ఎంత గాలి వచ్చిందో ఈసీఎం లెక్క కడుతుంది. కాబట్టి ఈ సెన్సారే దానికి కన్ను.

నేను మొదట్లో చేసిన తప్పు చెబుతాను. ఒక ఎస్టీమ్‌కి కొత్త మానిఫోల్డ్ వేసినప్పుడు ప్లీనంలో బోర్ వేయడానికి చోటు ఇరుకైందని, నాలుగో రన్నర్ నుంచి మ్యాప్ పైపు తీశాను. బండి స్టార్ట్ అయింది కానీ ఐడిల్ నిలబడదు. ఆర్‌పీఎం 700కి పడుతుంది, 1,100కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. రెండు రోజులు ఐడిల్ వాల్వు కడిగాను, ప్యాకింగ్ మార్చాను, ఇంజెక్టర్లు తీసి చూశాను. చివరికి పైపు మధ్యలో టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి వాక్యూమ్ మీటర్ తగిలిస్తే ముల్లు కుదురుగా లేకుండా కొట్టుకుంటోంది. ఒక రన్నర్‌లో వాల్వు తెరుచుకునేది రెండు చుట్లకి ఒక్కసారి. అప్పుడు ఒత్తిడి పడిపోతుంది, మిగతా సమయం పెరుగుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి ఆరేడు సార్లు ఈ ఊగులాట. ఈసీఎం ఏ అంకెని నమ్మాలి? పైపుని ప్లీనం మధ్యలోకి మార్చగానే, నాలుగు సిలిండర్ల ఊపూ కలిసిపోయి ముల్లు నిలబడింది. ఐడిల్ కూడా నిలబడింది.

సెన్సార్‌ని ప్లీనం మీదే బిగించగలిగితే అంతకన్నా మంచిది లేదు. పైపుతో దూరంగా పెట్టాల్సి వస్తే లోపలి వ్యాసం 3 నుంచి 4 మిల్లీమీటర్లు, పొడవు 30 సెంటీమీటర్ల లోపు ఉంచండి. సెన్సార్ ఎప్పుడూ పైపు కన్నా ఎత్తులో ఉండాలి, దాని ముక్కు కిందికి చూడాలి, పైపు మానిఫోల్డ్ వైపు పల్లంగా దిగాలి. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, పెట్రోలు తడి పైపులో చేరితే అవి వెనక్కి జారిపోవాలి. పైపు మధ్యలో కిందికి వేలాడితే ఆ వంపులో ఆయిల్ బొట్టు నిలిచి, సెన్సార్ ఆలస్యంగా చదువుతుంది. వేడికి మెత్తబడే మామూలు పెట్రోలు పైపు వాడొద్దు, వాక్యూమ్‌కి లోపలికి పీల్చుకుపోతుంది. ఈ పైపులో టీ పెట్టి ఇంకో దానికి వాక్యూమ్ పంచడం కూడా వద్దు. నేను టీ పెట్టింది మీటర్‌తో చూడటానికి మాత్రమే, చూశాక తీసేశాను.

పెట్టాక చూసుకునే పద్ధతి: తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో మ్యాప్ చూడండి. అది బయట గాలి ఒత్తిడి చూపాలి. విజయవాడలో, మీ ఖమ్మంలో 100 కిలోపాస్కల్స్‌కి కాస్త అటూ ఇటూ, హైదరాబాద్‌లో ఎత్తు వల్ల 95 దగ్గర. వేడెక్కిన ఇంజిన్, ఏసీ ఆఫ్, ఐడిల్‌లో 30 నుంచి 40 మధ్య ఉండాలి. 45, 50 చూపుతుంటే ఎక్కడో గాలి లీకేజీ ఉంది, లేదా టైమింగ్ తేడా ఉంది.

గాలి టెంపరేచర్ సెన్సార్

ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది ఇదే. ప్లీనం గోడకి బోర్ వేసి బిగించేస్తారు, చూడటానికి నీటుగా ఉంటుంది. ఒక కస్టమర్ కారు అలా బయట చేయించుకుని మే నెలలో నా దగ్గరికి వచ్చింది. సమస్య ఏమిటంటే, పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగాక పెడల్ తొక్కితే ముక్కుతుంది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా స్కానర్‌లో చూస్తే ఆ సెన్సార్ 75 డిగ్రీలు చూపుతోంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో థర్మామీటర్ పెడితే 45 లోపే. అల్యూమినియం ప్లీనం హెడ్ నుంచి వేడి పీల్చి సెన్సార్ ఒంటికి ఎక్కిస్తోంది. సెన్సార్ చదివేది గాలిని కాదు, లోహాన్ని.

ఇప్పుడు లెక్క చూడండి. ఒత్తిడి మారకపోతే 45 డిగ్రీల గాలితో పోలిస్తే 75 డిగ్రీల గాలి సుమారు తొమ్మిది శాతం పలచన. ఈసీఎం ఆ మేరకు పెట్రోలు తగ్గిస్తుంది. సిలిండర్‌లోకి వెళ్లే గాలి కూడా దారిలో కాస్త వేడెక్కుతుంది, నిజమే. కానీ అది ప్లీనం గోడ అంత వేడికి ఎప్పుడూ చేరదు. అంటే ఉన్న గాలికి పెట్రోలు తక్కువ. అందుకే ఆ ముక్కడం. సెన్సార్‌ని తీసి థ్రాటిల్ ముందున్న రబ్బరు పైపులో బుష్ వేసి పెట్టాం, ముక్కు పైపు వ్యాసంలో మూడోవంతు లోపలికి వెళ్లేలా. ఆ రోజు సాయంత్రమే అదే ట్రాఫిక్‌లో తిప్పి చూశాం, 48 దాటలేదు.

టర్బో కారైతే సంగతి వేరు, అక్కడ సెన్సార్ ఇంటర్‌కూలర్ తర్వాతే ఉండాలి. మీది టర్బో లేని ఇంజిన్ కాబట్టి థ్రాటిల్ ముందే మేలు.

కొనేముందు సెన్సార్‌ని మల్టీమీటర్‌తో చూడండి. ఈ రకం సెన్సార్లు 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపుతాయి. వేరే కారు సెన్సార్ దొరికింది కదా, మర సరిపోయింది కదా అని పెట్టేయొద్దు. ఒక గ్లాసులో వేడినీళ్లు పోసి, థర్మామీటర్ పక్కన పెట్టి రెండింటినీ పోల్చితే ఐదు నిమిషాల పని.

కూలెంట్ సెన్సార్, థర్మోస్టాట్

సుజుకీ జీ సిరీస్ ఇంజిన్లలో కూలెంట్ దారి, థర్మోస్టాట్ ఇంటేక్ మానిఫోల్డ్‌తోనే ముడిపడి ఉంటాయి. అంటే కొత్త మానిఫోల్డ్ చేయించడం అంటే గాలి దారితోపాటు నీళ్ల దారి కూడా కొత్తగా కట్టడమే. చాలామంది దీన్ని వెల్డింగ్ సగం అయ్యాక గుర్తిస్తారు. అప్పటికప్పుడు ఒక చిన్న డబ్బా అతికించి, దాని మూలకి సెన్సార్ బోర్ వేస్తారు.

ఆ మూలలోనే ప్రమాదం. నీళ్లు తిరగని మూల అయితే ఇంజిన్ కాగుతున్నా సెన్సార్ చుట్టూ నీళ్లు చల్లగానే ఉంటాయి. పై మూల అయితే అక్కడ గాలి బుడగ నిలుస్తుంది. సెన్సార్ నీళ్లలో కాక గాలిలో ఉంటే దాని మాట నమ్మడానికి లేదు. అలాంటి ఒక బండిలో ఫ్యాన్ ఆన్ అయ్యేసరికే హెడ్ ప్యాకింగ్ పోయింది. ఓనరు మధ్యతరగతి మనిషి, పాపం, మూడు నెలలు కారు పక్కన పెట్టుకున్నాడు. ఆ బండి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే బోర్ నాలుగు సెంటీమీటర్లు పక్కకి వేసి ఉంటే సరిపోయేది.

పాత మానిఫోల్డ్ నుంచి ఆ నీళ్ల భాగాన్ని కోసి కొత్తదానికి వెల్డ్ చేయించడం నాకు నచ్చిన పద్ధతి. థర్మోస్టాట్ సీటు, సెన్సార్ మరలు, బైపాస్ పైపు అన్నీ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి. అన్నిటికన్నా ఎత్తైన చోట గాలి తీయడానికి ఒక స్క్రూ పెట్టించండి. ఇంకో చిన్న విషయం, మీటర్ ముల్లుకి వెళ్లే సింగిల్ వైరు సెండర్‌కి ఎర్త్ దాని ఒంటి నుంచే అందుతుంది. దాని మరలకి టెఫ్లాన్ టేప్ దట్టంగా చుడితే ఎర్త్ పోయి ముల్లు లేవదు.

వైరింగ్

ట్విస్ట్ చేసి టేప్ చుట్టడం మాత్రం వద్దు. ఇంజిన్ గదిలో వేడికి టేపు జిగురు కరిగిపోతుంది, అదురుకి జాయింటు వదులవుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా గాలి టెంపరేచర్ మైనస్ 40కి పడిపోయి పి0113 కోడ్ వచ్చే బండ్లు నేను చాలా చూశాను, టేపు విప్పితే లోపల పచ్చగా చిలుం పట్టిన రాగి. అదే మందం వైరు తీసుకుని, మంచి క్రింప్ వేసి, జిగురున్న హీట్ ష్రింక్ ఎక్కించండి. రెండు మూడు వైర్ల జాయింట్లు ఒకే చోట రాకుండా అంగుళం అంగుళం జరపండి.

సెన్సార్ ఎర్త్ వైరుని బాడీకి కలపొద్దు. అది ఈసీఎం దాకా ఒంటరిగా వెళ్లే వైరు. దగ్గర్లో బోల్టు ఉంది కదా అని బాడీకి బిగిస్తే ఫ్యాన్, హెడ్‌లైట్ వేసినప్పుడల్లా రీడింగ్ కదులుతుంది. కాయిల్, ప్లగ్ వైర్లకి పది సెంటీమీటర్ల దూరం ఉంచండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించొద్దు.

వాక్యూమ్ పైపులు, ముఖ్యంగా బ్రేకు

మీరు ప్రశ్నలో అడగలేదు కానీ ఇది ముందు రాయాల్సిన సంగతి. బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ మీ మానిఫోల్డ్ నుంచే వెళ్తుంది. కొత్తదానిలో దానికి ప్లీనం నుంచి విడిగా, ఒరిజినల్ అంత లావు నాజిల్ ఉండాలి, చెక్ వాల్వు సరైన దిశలో ఉండాలి. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కి గట్టిపడ్డాక, తొక్కి పట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే ఆ బండి గేటు దాటకూడదు. ఇది కాక పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిరిని లాగే వాల్వు), పర్జ్ వాల్వు (ట్యాంకు పెట్రోలు ఆవిరిని లాగేది), ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ పైపు, ఐడిల్ వాల్వు, వీటన్నిటికీ చోటు ముందే కాగితం మీద గీసుకోండి. పాత మానిఫోల్డ్ విప్పే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, ప్రతి పైపుకి చీటీ కట్టండి.

ఇంజెక్టర్ రైలులో దాదాపు 3 బార్ ఒత్తిడితో పెట్రోలు ఉంటుంది. ఇంజెక్టర్ కోణం, ఎత్తు అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఓ-రింగ్ సరిగ్గా కూర్చోదు. కింద సైలెన్సర్ పైపు వేడిగా ఉన్నప్పుడు ఆ లీకేజీ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఓ-రింగులు కొత్తవే వేయండి.

వెల్డింగ్ చేయించేటప్పుడు హెడ్‌కి బిగించే ఫ్లాంజ్ ప్లేటు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం తీసుకుని, పాత హెడ్ ఒకదానికి బిగించి వెల్డ్ చేయమనండి. వేడి పూర్తిగా చల్లారాకే విప్పాలి. అయినా వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వెనక టార్చ్ వెలిగించండి. వెలుతురు కనిపించిన చోట ఫీలర్ గేజ్ దూర్చండి. 0.10 మిల్లీమీటరు ఆకు దూరిందంటే ఫేసింగ్ (మిషన్ మీద చదును) కొట్టించాల్సిందే. సిలికాన్ పేస్టుతో కప్పేద్దాం అనుకోవద్దు. సెన్సార్లకి పనికొచ్చే రకం కాకపోతే ఆ ఆవిరికి ఆక్సిజన్ సెన్సార్ కూడా పోతుంది.

ట్యూనింగ్ లేకుండా తొక్కొద్దు

సెన్సార్లన్నీ సరైన చోట ఉన్నా పని పూర్తి కాదు. ఈసీఎం లోపల ఉన్న పట్టిక పాత రన్నర్లకి రాసింది. కొత్త రన్నర్లతో అదే ఒత్తిడి దగ్గర సిలిండర్‌లోకి వెళ్లే గాలి వేరు. మామూలుగా తోలేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి కొంత సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో దాన్ని పట్టించుకోదు, పట్టికలో ఉన్నదే పోస్తుంది. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే నాకింగ్, ఆ తర్వాత పిస్టన్. వైడ్‌బ్యాండ్ మీటర్ (సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ చూసి మిశ్రమం చెప్పేది) పెట్టి, ఫుల్ లోడ్‌లో ల్యాంబ్డా (1 అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోవడం, తగ్గితే పెట్రోలు ఎక్కువ) 0.86 నుంచి 0.88 ఉండేలా ట్యూన్ చేయించండి. గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7 అని పాత అంకె పట్టుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి అది 13.5 దగ్గర ఉంటుంది. ల్యాంబ్డా చూస్తే ఈ గందరగోళం ఉండదు.

గాలి మీటరు ఉన్న కార్లవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. మీటరు కూర్చునే పైపు సైజు మార్చొద్దు. 60 మిల్లీమీటర్ల పైపుని 70 చేస్తే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, మీటరు గాలిని పావు వంతుకి పైగా తక్కువగా చూపుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో గొడవ తెస్తుంది. పొల్యూషన్ టెస్టు ఎటూ పాసవ్వాలి.

చివరగా పని వరుస గురించి. అన్నీ ఒకే రోజు మార్చకండి. ఇప్పుడున్న పాత మానిఫోల్డ్‌తోనే మొదట స్కానర్ పెట్టి తాళం ఆన్‌లో మ్యాప్, వేడి ఐడిల్‌లో మ్యాప్, గాలి టెంపరేచర్, కూలెంట్ టెంపరేచర్, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోలుని ఎంత సర్దుతోందో చూపే అంకె) అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాత గాలి టెంపరేచర్ సెన్సార్ ఒక్కటే కొత్త చోటికి మార్చి వారం తిప్పండి. బాగుంటే మ్యాప్ సెన్సార్‌ని కొత్త బ్రాకెట్‌కి మార్చి మరో వారం. కొత్త మానిఫోల్డ్ ఆ తర్వాతే ఎక్కించండి. అలా చేస్తే ఎక్కడ తేడా వచ్చినా ఆ వారం ముట్టుకున్నది ఒక్కటే కాబట్టి వెతుక్కునే పని ఉండదు. ఆ పుస్తకంలో పేజీ ఫోటో తీసి పెట్టండి, అంకెలు చూసి చెబుతాను.